పొలాల్లేని పల్లెలో ఎండాకాలం

ఢిల్లీలో తక్కువ అద్దెకు గది వెతుక్కునే తెలుగువాళ్లలో చాలామంది చివరికి ఏదో ఒక పల్లెటూళ్లో తేలతారు. జేఎన్‌యూలో పీహెచ్‌డీకి వచ్చినవాళ్లు మునిర్కాలోనో బేర్ సరాయ్‌లోనో దిగుతారు. గేట్ కోచింగ్‌వాళ్లు కట్వారియా సరాయ్‌కో జియా సరాయ్‌కో పోతారు. గుడ్‌గావ్‌లో ఉద్యోగమైతే చక్కర్‌పూర్, నోయిడా కంపెనీలైతే మామూరా. మెట్రో దిగి కాస్త నడిస్తే వచ్చే ఈ చోట్లన్నీ పుట్టుకతో ఊళ్లే. ఊరి మధ్యలో రచ్చబండలాంటి చౌపాల్ ఉంటుంది, హుక్కా చుట్టూ పెద్దమనుషులు ఉంటారు. పొలం మాత్రం ఉండదు. ఢిల్లీ హద్దుల్లోని ఊళ్లకైతే సర్పంచ్ కూడా ఉండడు.

ఇలాంటి ఊళ్లో ఏళ్లతరబడి ఉన్నా మనవాళ్లు ఊరివాళ్లు కాలేరు. గల్లీ ఒకటే, నీళ్ల ట్యాంకు ఒకటే, మనుషులు మాత్రం వేరువేరుగా బతుకుతుంటారు. ఎండాకాలం వచ్చేసరికి ఆ దూరం కాస్త తగ్గుతుంది. దూరం ఎందుకుంది, ఎండలకు ఎందుకు తగ్గుతుంది అన్నవి తెలియాలంటే ముందు ఈ ఊళ్ల కథ తెలియాలి.

ఎర్రగీత లోపల

బ్రిటిష్ రెవెన్యూ అధికారులు 1908 ప్రాంతంలో ఢిల్లీ గ్రామాల పటాలు గీసినప్పుడు, ఇళ్లున్న భాగాన్ని సాగుభూమి నుంచి వేరు చేస్తూ చుట్టూ ఒక ఎర్రగీత గీశారు. దాన్నే లాల్ డోరా అంటారు. గీత బయట ఉన్న పొలానికి శిస్తు, సర్వే నంబరు, పట్టాదారు పేరు ఉంటాయి. లోపల ఉన్న ఇళ్లకు శిస్తు లేదు కాబట్టి ఏ ఇల్లు ఎవరిదో విడివిడిగా రాసుకోవలసిన అవసరం ప్రభుత్వానికి కనిపించలేదు. ఎవరి ఇంట్లో వాళ్లున్నారు, అదే హక్కు.

దేశ విభజన తర్వాత ఢిల్లీ జనాభా ఒక్కసారిగా పెరిగింది. 1957లో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ పుట్టింది, 1962లో మొదటి మాస్టర్ ప్లాన్ వచ్చింది. కాలనీలకు, ఆఫీసులకు, విశ్వవిద్యాలయాలకు భూమి కావలసి వచ్చింది. గీత బయటి పొలాలన్నీ సర్కారు సేకరించింది. గీత లోపలి ఊరిని ఉన్నచోటే వదిలేసింది. మునిర్కా జాట్ రైతుల పొలాల్లోనే ఇవాళ్టి ఆర్.కె.పురం, జేఎన్‌యూ చాలావరకు లేచాయి. యమున అవతల 1976లో ఏర్పడిన నోయిడా పరిధిలో 81 గ్రామాలున్నాయి. అక్కడ చట్టాలు వేరు, జరిగింది మాత్రం ఇదే.

దీనికి తోడు 1963లో ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ ఒక మినహాయింపు ఇచ్చింది. లాల్ డోరా లోపల ఇల్లు కట్టుకోవడానికి ప్లాను మంజూరు అక్కర్లేదంది. గొడ్ల చావిడి కట్టుకునే రైతును నగర నిబంధనలతో వేధించకూడదన్నది అప్పటి ఆలోచన. ఆ రైతు మనవడి కాలానికి అదే మినహాయింపు మీద నాలుగైదు అంతస్తులు లేచాయి. రెండు బాల్కనీల మధ్య మూరెడు సందు, కింద మనిషి పక్కకు తిరిగి నడవాల్సిన గల్లీ, పైన కరెంటు తీగల పందిరి. కొత్తగా వచ్చినవాళ్లకు ఇదంతా అడ్డదిడ్డంగా కనిపిస్తుంది గానీ దీని వెనక ఒక నోటిఫికేషన్ ఉంది.

రైతులు పండించే కొత్త పంట

పొలం పోయిన రైతు చేతిలో నష్టపరిహారం డబ్బు, వంద గజాల ఇంటి స్థలం మిగిలాయి. డబ్బు పెళ్లిళ్లకు, వాటాలకు కరిగిపోయింది. స్థలం అమ్ముదామంటే పక్కా పట్టా ఉండదు, బ్యాంకు అప్పు సులువుగా పుట్టదు. కాబట్టి ఆ స్థలం మీదే అంతస్తులేసి అద్దెను పంటగా పండించాడు. జేఎన్‌యూ, ఐఐటీ ఊరి పక్కనే వెలిశాయి కనుక విద్యార్థులు వచ్చారు. ఊరూరికీ ఒక రకం జనం కుదురుకున్నారు. హుమాయూన్‌పూర్ గల్లీల్లో ఈశాన్య రాష్ట్రాల వంటల హోటళ్లు వెలిశాయి. హౌజ్ ఖాస్ గ్రామంలో 1980ల చివర్లో ఫ్యాషన్ బొటిక్‌లు మొదలై, తర్వాత కేఫ్‌లు నిండాయి. ఖిడ్కీ ఎక్స్‌టెన్షన్‌లో ఆఫ్రికా దేశాలవాళ్లు, అఫ్ఘన్‌లు గదులు తీసుకున్నారు. కట్వారియా, జియా సరాయ్‌లలో కోచింగ్ బోర్డుల పక్కన సౌత్ ఇండియన్ మెస్ బోర్డులు వేలాడాయి.

ఇలా బయటివాళ్లు నిండిన ఊరిని నడిపే వ్యవస్థ మాత్రం మారలేదు. ఒక గ్రామాన్ని పట్టణ ప్రాంతంగా ప్రకటించగానే అక్కడి గ్రామసభ రద్దవుతుంది. 1990 తర్వాత ఢిల్లీలో గ్రామ పంచాయతీలన్నవే లేవు. పంచాయతీ పోయినచోట కులం, గోత్రం, కులపెద్దల మండలి అయిన ఖాప్ నిలిచాయి. ఢిల్లీ చుట్టుపక్కల ఊళ్లను కలిపే పాలం 360 ఖాప్ పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. ఊరు ఎవరు కట్టారో వాళ్ల గుర్తుగా దాదా ఖేడా అనో భూమియా అనో ఒక చిన్న గుడి ఉంటుంది. మన పల్లెల్లో బొడ్రాయికి ఉన్న స్థానమే దానిది. పెళ్లయి వచ్చిన కోడలిని మొదట అక్కడికే తీసుకెళ్లి మొక్కిస్తారు. ఊరివాళ్లు కావడానికి దారి అది. పుట్టాలి, లేకపోతే కోడలిగా రావాలి. అద్దె కట్టి రావడానికి ఆ దారిలో చోటు లేదు.

పదకొండు నెలల చుట్టరికం

దూరానికి మరో కారణం అగ్రిమెంటులో ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయాలి. ఆ ఖర్చు, ఆ తలనొప్పి ఎందుకని యజమానులు పదకొండు నెలలకే రాస్తారు. పదకొండో నెల రాగానే అద్దె పెంచుతారు, లేదా ప్రాపర్టీ డీలర్ ఇంకొకరిని వెంటబెట్టుకొని వస్తాడు. పెంచింది కట్టలేనివాళ్లు పక్క గల్లీకో పక్క ఊరికో మారతారు. ఏడాదికోసారి ముఖాలు మారే గదిలో ఎవరున్నారో గుర్తుపెట్టుకోవాలని ఇంటివాళ్లకూ అనిపించదు. 'మూడో అంతస్తు మద్రాసీ కుర్రాళ్లు' అంటే సరిపోతుంది. గుంటూరు, వరంగల్, కొట్టాయం, మదురై అన్నీ అందులోనే.

మూడోది వేళల తేడా. ఇంటివాళ్లు తెల్లవారకముందే లేచి, ఎండెక్కేలోగా పనులు ముగించుకుంటారు. పరీక్షలకు చదివేవాళ్లు రాత్రి రెండింటిదాకా మేలుకొని, పదింటికి లేస్తారు. పెద్దాయన చౌపాల్ దగ్గర పేకాటకు కూర్చునేసరికి కుర్రాళ్లు కోచింగ్‌లో ఉంటారు. వాళ్లు టీకొట్టు దగ్గర గుమిగూడేసరికి ఆయన నిద్రపోతుంటాడు.

ఆదివారం మరీ తేడా. తెలుగువాళ్లు ఆ రోజు ఊళ్లోనే ఉండరు. అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్ ముందు టోకెన్ల కోసం వరుసలో నిలబడతారు. గోల్ మార్కెట్ దగ్గర టీటీడీ వారి బాలాజీ గుడికి వెళతారు. ఐఎన్ఏ మార్కెట్‌లో కరివేపాకు, కొబ్బరికాయ, ఇడ్లీ బియ్యం కొనుక్కుంటారు. ఆషాఢంలో తెలంగాణ భవన్‌లో లాల్ దర్వాజా సింహవాహిని మహంకాళి ఆలయ కమిటీ బోనాలు చేయిస్తుంది. ఢిల్లీ తెలుగువాళ్లకు ఊరుమ్మడి చోటు అంటూ ఉంటే ఈ రెండు భవన్‌లూ ఉన్న ఆవరణే. రాష్ట్రం రెండైన పదేళ్లకు, 2024 మార్చిలో, దాన్నీ పంచుకున్నారు. మొత్తం 19.78 ఎకరాల్లో ఆంధ్రప్రదేశ్‌కు 11.54, తెలంగాణకు 8.24. అంటే మనవాళ్లు పడుకునేది ఒక ఊళ్లో, మనసు విప్పి మాట్లాడుకునేది ఇంకో ఊళ్లో.

ఎండ ముదిరితే

ఏప్రిల్ రెండో వారం దాటేసరికి ఈ అమరిక కదలడం మొదలవుతుంది. కారణం లాల్ డోరా ఇళ్ల కట్టుబడే. కిటికీ తెరిస్తే ఎదుటి గోడ తగులుతుంది కాబట్టి గాలి ఆడదు. పగలంతా కాగిన స్లాబు రాత్రంతా వేడి కక్కుతుంది. 2024 మే 29న సఫ్దర్‌జంగ్‌లో 46.8 డిగ్రీలు నమోదైంది. అదే రోజు ముంగేశ్‌పూర్ కేంద్రం 52.9 చూపించి దేశమంతా గగ్గోలెత్తించింది. అక్కడి పరికరం మూడు డిగ్రీలు ఎక్కువ చూపుతోందని వాతావరణ శాఖ తర్వాత తేల్చింది. పగటి లెక్కకంటే మనుషుల్ని కుంగదీసేది రాత్రి లెక్క. ఆ జూన్‌లో ఒక రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతే 35.2 డిగ్రీలు.

ఏసీ పెట్టించుకునే స్తోమత లేనివాళ్లకు కూలరే దిక్కు. కూలర్ చల్లబరిచేది నీటిని ఆవిరి చేసి. అందుకే బయట గాలి పొడిగా ఉన్న మే నెలలో బాగా పనిచేస్తుంది, గాలిలో తేమ చేరిన జూలైలో చెమటనే పెంచుతుంది. దానికి బయటి గాలి లోపలికి రావాలి, లోపలి గాలి బయటికి పోవాలి. కిటికీ లేని గదిలో ఈ రెండూ కుదరవు కనుక కుర్రాళ్లు కూలర్‌ను తలుపు దగ్గర పెట్టి తలుపు తెరిచే ఉంచుతారు. చలికాలమంతా మూసి ఉన్న తలుపు అలా తెరుచుకుంటుంది. ఎవరు ఏం చదువుతున్నారో, ఎవరి పొయ్యి మీద పప్పు మాడుతోందో మెట్లెక్కే ప్రతివాళ్లకూ తెలుస్తుంది. యజమాని తల్లి మెట్ల మీద ఆగి, ఆవకాయ జాడీని చూసి ఇదేమిటని అడిగేది అప్పుడే. ఆవిడ వేసేది కూడా మామిడికాయ ఊరగాయే. ఆవాలు అందులోనూ ఉంటాయి, కారం మాత్రం మనవైపు లెక్కకు రాదు. ఒక గిన్నె కిందికి దిగుతుంది, నాలుగు రోజులకు ఇంకో గిన్నె పైకెక్కుతుంది.

నీళ్ల సంగతి ఇంకా తప్పనిసరి. కుళాయికి నీళ్లొచ్చేది తెల్లవారుజామున కాసేపు, సాయంత్రం కాసేపు. ఆ కాస్త సమయంలో మోటారు వేసి మేడ మీది ట్యాంకు నింపాలి. మోటారు స్విచ్ కింద యజమాని వరండాలో ఉంటుంది, ట్యాంకు నిండిందో లేదో తెలిసేది పైన ఉన్నవాళ్లకు. కనుక పైనుంచి ఒకడు 'తావూజీ, బంద్ కర్ దో' (పెదనాన్నా, ఆపెయ్యి) అని కేకెయ్యాలి, కిందినుంచి ఆయన 'ఔర్ చలాఊఁ?' (ఇంకా వెయ్యనా?) అని అడగాలి. ఏడాదంతా నమస్తే తప్ప మాటల్లేని ఇద్దరి మధ్య రోజుకు రెండుసార్లు ఈ సంభాషణ జరుగుతుంది. ట్యాంకర్ వచ్చినరోజు గల్లీ గల్లీ బకెట్లతో దిగుతుంది. అక్కడ వరుసలో ఎవరి ముందు ఎవరన్నది కులం చూసి తేలదు, ఎవరు ముందు లేచారో చూసి తేలుతుంది.

రాత్రి కరెంటు పోతే అందరూ మేడెక్కుతారు. సాయంత్రం నీళ్లు చల్లిన మేడ మీద ఒక పక్క ఇంటివాళ్ల నులకమంచాలు, ఇంకో పక్క కుర్రాళ్ల చాపలు. మధ్యలో గోడ లేదు. ఎవరికి ఉద్యోగం ఎప్పుడు, ఎవరి చెల్లి పెళ్లి ఎక్కడ, ఆంధ్రలో వరి రెండు పంటలు పండుతుందా, మీ పొలాలకు ఎంత ఇచ్చారు అన్న మాటలు మేడ మీదే నడుస్తాయి. ఐఐటీ గేటు వైపు చేయి చూపించి అక్కడ మా నాన్న జొన్న వేసేవాడు అని చెప్పే పెద్దాయన కథ వినడానికి పగలు ఎవరికీ తీరిక ఉండదు.

జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి, నిర్జల ఏకాదశి నాడు ఈ ఊళ్లలో రోడ్డు పక్కన షామియానా వేసి, దారినపోయేవాళ్లందరినీ ఆపి మరీ షర్బత్ పోస్తారు. మన చలివేంద్రం ఎండాకాలం పొడుగునా ఉంటుంది, ఇది ఒక్కరోజు జరిగే జాతర. ఆ రోజు డ్రమ్ము దగ్గర గ్లాసులు అందించడానికి చేతులు కావాలి. అద్దె కుర్రాళ్లను ఇంటివాళ్లు పేరు పెట్టి పిలిచే సందర్భాల్లో అదొకటి.

మీటరు దగ్గర తగాదా

ఎండ కలిపినట్టే కొట్లాటా పెడుతుంది. మెట్ల కింద గోడకు వరసగా చిన్న సబ్‌మీటర్లు ఉంటాయి. ఒకటో తారీఖున యజమాని నోట్‌బుక్కు తెచ్చి రీడింగులు రాసుకుంటాడు. యూనిట్‌కు ఎనిమిదో పదో అంటాడు. ఢిల్లీలో 2019 ఆగస్టు నుంచి 200 యూనిట్ల దాకా ఉచితం కదా అని కుర్రాళ్లు అడుగుతారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

ఉచితం లెక్క కనెక్షన్‌కు వర్తిస్తుంది, గదికి వర్తించదు. పన్నెండు గదుల ఇంటికి ఒకే కనెక్షన్ ఉంటే అందరి వాడకం కలిసి 400 దాటుతుంది, దాటగానే సబ్సిడీ పోతుంది. ఢిల్లీ గృహ టారిఫ్‌లో మొదటి 200 యూనిట్లకు ధర రూ.3, 1200 దాటిన యూనిట్‌కు రూ.8. అంటే యజమానికి నిజంగానే పై శ్లాబు పడుతుంది. పైన వేసుకునే రూపాయో రెండో ఆయన లాభం. దీనికి విరుగుడుగా 2019 సెప్టెంబరులో ఢిల్లీ ప్రభుత్వం అద్దెదారుల మీటరు పథకం ప్రకటించింది. అద్దె ఒప్పందమో రసీదో చూపించి, రూ.3,000 డిపాజిట్ కట్టి, సొంత ప్రీపెయిడ్ మీటరు పెట్టించుకోవచ్చు. యజమాని నుంచి నిరభ్యంతర పత్రం అక్కర్లేదని కూడా చెప్పారు. అయినా పదకొండు నెలలకు వచ్చినవాడు ఇంటాయనతో పేచీ పెట్టుకొని మీటరు పెట్టించుకుంటాడా? కాగితం మీది హక్కును అగ్రిమెంటు గడువు మింగేస్తుంది.

మేడ దాటని స్నేహం

ఎండ దగ్గర చేస్తుంది అన్నంత మాత్రాన అన్ని ఊళ్లూ అందరినీ దగ్గర చేయవు. 2016 మే నెలలో వసంత్‌కుంజ్ పక్కన కిషన్‌గఢ్‌లో ఆటో విషయంలో మొదలైన తగాదా ఫ్రెంచి పాఠాలు చెప్పుకునే ఒక కాంగో యువకుడి ప్రాణం తీసింది. వారం తిరక్కుండానే ఛతర్‌పూర్ దగ్గర రాజ్‌పూర్ ఖుర్ద్ గ్రామంలో ఆఫ్రికన్ల మీద దాడులు జరిగాయి. పెద్దగా పాటలు పెడుతున్నారు, బయట తాగుతున్నారు అన్నది స్థానికుల ఫిర్యాదని పోలీసులు చెప్పారు. ఆఫ్రికా దేశాల రాయబారులు ఆ ఏడాది ఆఫ్రికా దినోత్సవాన్ని బహిష్కరిస్తామనే దాకా వెళ్లారు. అంతకు రెండేళ్ల ముందు, 2014లో, ఈశాన్య రాష్ట్రాలవాళ్లపై దాడుల తర్వాత కేంద్రం బెజ్‌బరువా కమిటీ వేసింది.

ఎండకు తలుపు తెరిస్తే గది లోపలి పాట గల్లీలోకి వస్తుంది. అది తెలుగు పాటైతే ఇంటాయన విసుక్కుంటాడు, మొహం తెలిసినవాడు కాబట్టి అక్కడితో ఆగుతుంది. రంగు, రూపు వేరైనవాళ్ల విషయంలో అదే పాట ఊరి పరువు సమస్య అవుతుంది. మనకు దక్కే సహనం మన మంచితనం వల్లే వచ్చిందనుకోకూడదు. మనల్ని వింత మనుషులుగా చూడకపోవడం వల్ల కూడా వచ్చింది.

దొర్దోన్య్ ఊళ్లలో ఏం జరిగింది

బయటి మనిషికి ఊళ్లో చోటు ఎలా దొరుకుతుందో చూడటానికి ఫ్రాన్స్ మంచి ఉదాహరణ. నైరుతి ఫ్రాన్స్‌లోని దొర్దోన్య్ ప్రాంతంలో దశాబ్దాలుగా బ్రిటిష్ వాళ్లు పాత రైతుల ఇళ్లు కొనుక్కొని ఉంటున్నారు. ఏమే అనే చిన్న పట్టణంలో వాళ్ల క్రికెట్ క్లబ్బే ఉంది. వేసవి సాయంత్రాల్లో అక్కడి ఊళ్లలో రాత్రి సంతలు జరుగుతాయి. చౌకులో పొడుగాటి బల్లలు వేస్తారు, అంగళ్ల దగ్గర తిండి కొనుక్కొని ఊరివాళ్లూ బయటివాళ్లూ పక్కపక్కన కూర్చుని తింటారు.

మన మేడకూ వాళ్ల బల్లకూ ఒక తేడా ఉంది. ఆ బ్రిటిష్ వాళ్లకు సొంత ఇల్లుంది. యూరోపియన్ యూనియన్ పౌరులుగా మునిసిపల్ ఎన్నికల్లో ఓటుండేది, పోటీచేసే హక్కుండేది. వందలమంది ఊరి కౌన్సిలర్లు అయ్యారు కూడా. 2020 జనవరి 31న బ్రిటన్ యూనియన్ నుంచి బయటపడటంతో ఆ మార్చి ఎన్నికల నాటికి ఆ హక్కు పోయింది. ఇళ్లు ఉన్నాయి, సంతలు ఉన్నాయి, ఊరి నిర్ణయాల్లో మాట మాత్రం లేకుండా పోయింది. ఎన్ని వేసవులు కలిసి తిన్నా ఓటు ఇచ్చే స్థానం వేరని అక్కడివాళ్లకు అప్పుడు తెలిసొచ్చింది.

ఢిల్లీ పల్లెలో మన పరిస్థితి దీనికి తలకిందులుగా ఉంది. మనకు ఇల్లు లేదు, ఓటు తెచ్చుకునే హక్కు ఉంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఓటరు నమోదుకు చిరునామా విషయంలో అడిగేది సాధారణ నివాసం ఒక్కటే. ఒకచోట సొంత ఇల్లున్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరని ఆ చట్టం 20వ సెక్షన్ మాట. అంటే నెల్లూరులో సొంత ఇల్లుండి మునిర్కాలో ఆరేళ్లుగా గదిలో ఉన్నవాళ్లు మునిర్కా ఓటరు కావచ్చు. కొత్తగా నమోదుకు ఫారం 6, చిరునామా మార్పుకు ఫారం 8. హాస్టళ్లలో ఉండే విద్యార్థులు సొంతూరా, చదువుకునే ఊరా అని ఎంచుకోవచ్చు.

మనవాళ్లలో ఎక్కువమంది సొంతూళ్లోనే ఓటు ఉంచుకుంటారు. అక్కడ అమ్మానాన్నలు, భూమి, రేషన్ కార్డు ఉన్నాయి కాబట్టి ఆ లెక్క అర్థమయ్యేదే. దాని ఫలితం మాత్రం ఎండాకాలంలో కనిపిస్తుంది. ఢిల్లీ కార్పొరేషన్‌లో ఇప్పుడు 250 వార్డులు. ట్యాంకర్ ఏ గల్లీకి ముందు రావాలి, డ్రైనేజీ ఎప్పుడు తవ్వాలి అన్న ఒత్తిడి ఓట్ల లెక్కతోనే నడుస్తుంది. ఇంట్లో ఇంటివాళ్లు ఆరుగురు, అద్దెవాళ్లు ఇరవైనాలుగు మంది ఉన్నా నాయకుడి లెక్కకు అందేది ఆరుగురే. నీళ్లు చాలవని ఇంటాయన అరిచినా ఆయన వెనక ఉన్నది ఆరు ఓట్లే.

కాబట్టి మళ్లీ ఎండలొచ్చేలోగా ఏం చేయొచ్చో కాస్త ఆలోచించుకోవచ్చు. రెండేళ్లకు మించి ఉండేవాళ్లు చిరునామా మార్చుకోవడం, పోలీసు వెరిఫికేషన్ పత్రాన్నీ అద్దె రసీదునూ జాగ్రత్తగా ఉంచుకోవడం, మీటరు లెక్కను ఏప్రిల్‌లోనే కూర్చుని మాట్లాడుకోవడం. ఇవన్నీ ఇంటాయన మీద పోరాటానికి కావు, చాలావాటిలో ఆయన ప్రయోజనమూ ఉంది. ఊరిగుడి మనకు చుట్టరికం ఇవ్వదు, ఇవ్వమని అడగక్కర్లేదు కూడా. ట్యాంకు నీళ్లలో, గల్లీ మురుగులో మాత్రం మన వాటా ఇప్పటికే ఉంది. వాటా ఉన్నచోట మాట కూడా ఉండాలంటే ముందు ఆ ఊరి జాబితాలో మన పేరుండాలి.